గడప లోపల పండుకున్నాయప్ప

నా చిన్నప్పుడు మా ఊరి పాత గుడి పేరెత్తితే నాకు భక్తి పుట్టేది కాదు, రోత పుట్టేది. మా ఊరు క్యాతగానచెర్లు పక్కనే, కన్నడ సీమలోని తెలుగు ఊరు. గుడంతా రాతి కట్టడం. ముందర వరసగా స్తంభాల మండపం, దాని వెనక నడుము వంచితే తప్ప దూరలేని గర్భగుడి. పైకప్పు బండల సందుల్లో గబ్బిలాలు ఉండేవి. వాన పడితే గొర్రెల్ని మండపంలోకే తోలేవాళ్లు. ఆ కంపు తలచుకుంటే ఇప్పటికీ ముక్కు మూసుకోవాలనిపిస్తుంది.

జాతర ముందు రోజు గుడి శుభ్రం చేయడం ఏడాదికొక ఇంటి వంతు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆ వంతు మాకు వచ్చింది. మా తాతయ్య నా చేతికొక చేట ఇచ్చి వెంట తీసుకుపోయాడు. నేను మండపం గడప దగ్గరే ఆగిపోయాను. గొర్రెల పెంటికలు, గబ్బిలాల రెట్ట కలిసి తడిసి ముద్దయి, కాలు పెడితే వేళ్ల సందుల్లోకి వచ్చేట్టు ఉంది. ఛీ అని ఉమ్మేశాను. తాతయ్య తిట్టలేదు. వంగి రెండు చేతులతో ఎత్తి గంపలో వేసుకోసాగాడు, శనక్కాయ చేనికి మంచి ఎరువని. అంత పెద్దాయన ఒక్కడే చేస్తుంటే సిగ్గేసి, మొహం పక్కకు తిప్పుకుని నేనూ దిగాను.

కాసేపటికి నా చేతికి రాతి ముక్కు తగిలింది. గడపకు మూడడుగుల లోపల, నేల బండ మీద ఒక మనిషిని చెక్కి ఉన్నారు. చేతులు తలకు పైన జోడించి సాష్టాంగపడి ఉన్నాడు. కళ్లలో, చెవుల్లో అంతా పెంట. తాతయ్య పొరక పుల్ల విరిచి ఒక్కొక్క గీతలోంచి ఓపికగా గీకి తీశాడు. నీళ్లు పోసి కడిగాడు. ఎవరీయన అని అడిగాను.

"ఈ గుడి కట్టించినాయప్ప. పేరేందో ఎవురికీ తెల్దు. వచ్చినోళ్ల కాళ్లు తగలల్లని ఈడ పండుకున్నాడు. తొక్కు పాపా."

మనిషిని తొక్కడమేమిటని నేను మొరాయించాను. తాతయ్య నా రెక్క పట్టి ఆ వీపు మీద నిలబెట్టాడు. నిలబడి చూస్తే స్తంభాలు అడ్డం లేకుండా, గర్భగుడి చిన్న వాకిట్లోంచి స్వామి మొహం నిండుగా కనబడింది. పక్కకు ఒక్క అడుగు వేస్తే కనబడదు. ఆ రోజు ఇంటికి పోయి కుంకుడుకాయతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను.

నన్ను మేనమామకే ఇచ్చారు కాబట్టి ఊరు మారలేదు. మా చేను మాత్రం ఇప్పుడు సోలార్ కంపెనీకి కౌలుకు పోయి, పలకల కింద ఉంది. ఆమధ్య గుడి కప్పు కారుతోందంటే, ఒక ఏడు కౌలు డబ్బులు మా అబ్బాయి చేతికిచ్చి బాగా చేయించమన్నాను. చేస్తుండగా ఒక్కసారీ పోయి చూడలేదు. తప్పు నాదే.

పని ముగిశాక పోయి చూశాను. స్తంభాలకు గులాబీ, ఆకుపచ్చ ఆయిల్ పెయింటు. రాతి హంసల మెడలు ఆ రంగు ముద్దల్లో పూడిపోయాయి. ఫ్యాను రెక్కల మీద కూడా ఇచ్చినవాళ్ల పేర్లే. కింద స్నానాల గదిలో వేసినట్టు గోడ నుంచి గోడకు టైల్సు. గడప నుంచి మూడడుగులు లెక్కపెట్టుకుని నిలబడ్డాను. అరికాలికి ఏమీ తగల్లేదు. ఆ బండ ఏమైందని మా అబ్బాయిని అడిగాను.

"కిందనే ఉండాది మా. ఎగుడుదిగుడుగా ఉండాదని పైన టైల్స్ ఏసినారు. నీ పేరు సూడు, అందరికీ కనపడేట్లు రాయించినా."

చూశాను. ఎదురుగా గోడ మీద, ఎవరి కాలూ తగలనంత ఎత్తున, బంగారు రంగు కన్నడ అక్షరాల్లో నా పేరు. పెంటలో చేతులు పెట్టిన నాడు కూడా నాకు అంత రోత పుట్టలేదు. ఆ ఒక్క టైలు పగలగొట్టమని బతిమాలాను. కొత్త గుళ్లో గునపం పెడితే అరిష్టమన్నారు ఊళ్లోవాళ్లు. పేరైనా చెరపమంటే నవ్వారు.

ప్రతి సోమవారం గుడికి పోతాను. మూడో అడుగు మీద నిలబడి, కింద పడుకున్నాయన్ని తలచుకుని దండం పెట్టుకుంటాను. తర్వాత పూజారి అటు తిరిగినప్పుడు, తాతయ్య పొరక పుల్లతో గీకినట్టే, ఇంటి తాళంచెవితో గోడ మీది నా పేరు గీకుతాను. వారానికొక అక్షరం. ఇంకా రెండు మిగిలాయి.