బొటనవేలికి వేసిన హాజరు

మాస్టారుగా నేను చేసిన ఘనకార్యాలన్నీ చెప్పుకుంటూ పోతే ఆదోని పత్తి యార్డు కూడా చాలదు. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఇది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనైతే సగం దాకానే నవ్వగలను.

కరోనా వచ్చి బడి మూతపడింది. ఆదోనిలో మా మిద్దె మీద నిలబడి, ఆలూరు దారిలో మా బడి ఉన్న పల్లె పిల్లలకు సైన్సు పాఠాలు ఫోనులో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపేవాణ్ణి. నా గొంతు నాకే తెగ ముద్దొచ్చేది. పంపిన పాఠాన్ని నేనే రెండుసార్లు వినేవాణ్ణి. నేను కాక ఇంకెవరైనా విన్నారా అంటే, ఏడో తరగతి నరసమ్మ ఉంది. పాఠం వెళ్ళిన కాసేపటికే ఆ పిల్ల నంబరు నుంచి బొటనవేలి బొమ్మ వచ్చేది. ఒక్కరోజు తప్పేది కాదు. నేనూ తప్పకుండా హాజరు వేసేవాణ్ణి.

అంతలో పైనుంచి ఒక ఫారం దిగింది. ఆన్‌లైన్ చదువు ఎలా సాగుతోందో టీచర్లు అభిప్రాయం రాయాలి. దాని కిందే ఇంకో గడి. సుగ్గికి, అంటే కూలిపనుల కోసం దూరం పోయే అమ్మానాన్నల వెంట వెళ్ళిన పిల్లల పేర్లు అందులో రాస్తే, వాళ్ళను వెనక్కి పిలిపించి హాస్టల్లో ఉంచుతారట.

ఎమ్మిగనూరు నుంచి వచ్చే మా లెక్కల మేడం "ఈ చదువు ఎవరికీ అందడం లేదు" అని రాసి, తన క్లాసు పిల్లల కోసం ఇల్లిల్లూ తిరిగి, వలసపోయినవాళ్ళ పేర్లు గడిలో రాశారు.

"అన్నా, నీ క్లాసు నరసమ్మ నాకు యాడా కనపడలేదు. పేరు రాయకూడదా?"

"నరసమ్మనా! దినామూ నా పాఠం వింటాది మేడం."

"మొగం చూసినావా?"

"మొగమెందుకు మేడం, వేలు సాలదా?"

నా ఫారంలో "అద్భుతం" అని రాశాను. సాక్ష్యంగా నరసమ్మ పేరు రాసి చుట్టూ గీత కూడా గీశాను. వలసపిల్లల గడిలో "లేరు" అని పెట్టాను.

ఆ గీత చూసి ఆఫీసులో పెద్దసారు ముచ్చటపడ్డారు. "ఆ పాపతో వీడియో మీటింగులో రెండు మాటలు చెప్పించండి" అన్నారు. ఇస్త్రీ చొక్కా, దానికి జోడుగా మాస్కు వేసుకుని, ఆటో ఎక్కి పల్లెకు పోయాను. గుమ్మంలో నరసమ్మ అవ్వ కూర్చుని ఉంది, ఒళ్ళో ఫోను.

"అవ్వా, నరసమ్మ యాడ?"

"వాళ్ళమ్మా నాయనతో గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి పోయింది సార్. మూన్నెల్లాయ."

నా నోరు తెరుచుకుంది. మాస్కు ఉండబట్టి బయటికి కనపడలేదు, ఆ రోజుకు నాకు దక్కిన అదృష్టం అదొక్కటే.

"మరి దినామూ వేలు పెట్టేదెవరు?"

"నేనే సార్! పోయేటప్పుడు ఫోను నా చేతికిచ్చి సెప్పింది. 'సార్ మాట్లాడినంక ఈ వేలు నొక్కవ్వా. లేకుంటే నా పేరు కొట్టేస్తారు. నేనొచ్చి మళ్ళా బడికి పోవల్ల' అని."

"పాఠం కూడా వింటావా?"

"ఎందుకు వినను? ఆకు ఎండలో అన్నం వండుకుంటాదంట కదా! మా సేన్లో ఇంత ఎండుండాది, పత్తి ఆకు ఎందుకు ఎండిపాయ సార్?"

నా పాఠాలన్నిటికీ వచ్చిన ఒకే ఒక్క సందేహం అది. నీళ్ళు లేక అని చెప్పబోయేంతలో అవ్వే ఇంకోటి అడిగింది.

"పేరుండాది కదా సార్?"

"ఉండాదవ్వా."

ఉండాల్సిన గడిలో మాత్రం లేదు. పరుగున వీధి చివరికొచ్చి పెద్దసారుకు ఫోను చేశాను. "జాబితా పోయి వారమైంది. లేరని రాసింది మీరే కదా?" అన్నారు. మేడం రాసిన పిల్లలు హాస్టలుకు చేరారు. నరసమ్మ మిరప చేలో ఉండిపోయింది. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

బడి తెరిచిన రోజు నరసమ్మ పేరు పిలిచాను. ఎవరూ పలకలేదు. వాళ్ళ నాయనకు ఫోను చేస్తే, "ఇంగ సదువెందుకులే సార్, కాయ కోసేది బాగా నేర్సుకునింది" అన్నాడు.

ఆవేళే సుద్దముక్క మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ముఖం చూడకుండా ఎవరికీ హాజరు వేయను. కళ్ళజోడు తుడుచుకుని, గడ్డం పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి మరీ వేస్తాను.

ప్రమాణం పూర్తయ్యేలోపు జేబులో ఫోను మోగింది. అవ్వ బొటనవేలు పెట్టింది. ఆ రోజు నేను పాఠమేమీ పంపలేదు.