కృష్ణ నడుమ మక్కబెండు పెట్టిన ముచ్చట

ముందుగాలనే చెప్తున్న, నాకు రాసుడు రాదు. నాలుగో తరగతి కాడ బడి ఇడిసిపెట్టిన. అప్పటిసంది పార పట్టిన, పాన పట్టిన, పెన్ను మాత్రం పట్టలే. ఒత్తులు ఎక్కడ పెట్టాల్నో తెల్వక కొన్ని జాగల రెండు పెట్టిన, కొన్ని జాగల ఒక్కటి గూడ పెట్టలే. మీరే జర సర్దుకోండ్రి. గని ముచ్చట మాత్రం నిజం. నిండు కృష్ణ నడుమల, ఎటు సూసినా నీళ్లే ఉన్న జాగల, నీళ్లు అందక ఒక ఇంజన్ కాలిపోయేటట్టయింది. గా పని చేసింది నేనే. నవ్వాల్నంటే నవ్వుండ్రి, ఆఖరిదాక సదివి నవ్వుండ్రి.

మాది దేవరకొండ దిక్కు. తెలంగాణ వచ్చిన కొత్తల రెండేండ్లు మా దిక్కు సరిగ్గ చినుకు పడలే. నా చేన్ల బోరు పది బిందెలు పోసి ఆగేది, అది గూడ బీడీలు తాగే ముసలాయన దగ్గినట్టు దగ్గుకుంట. మా ఊర్ల నల్లా ఇప్పి మర్సిపోయినోన్ని కోడిదొంగను సూసినట్టు సూస్తరు. ఏ పైపు నుంచైనా నీళ్లు ఊకె కారుతాంటే, అది ఎవ్వలదని అడుగం. తిన్న మక్కకంకి బెండుకు గుడ్డపేలిక సుట్టి పైపుల కొట్టి మా తొవ్వన మేం పోతం. దీనికి తెలివి అక్కర లేదు, చెయ్యే పోతది. పెండ్లయిన కొత్తల మా ఇంటామె నన్ను మెచ్చుకున్నది గా ఒక్క పనికే.

ఆఖరికి బోరు ఎండిపాయె. నేను సాగర్ వెనక నీళ్ల కాడ బోటు నడిపే ఖాదర్ చిచ్చా దగ్గరికి పనికి పోయిన. చిచ్చా కండ్లకు పొర కమ్మింది, దగ్గరున్నది గూడ మబ్బుగ కనబడేది. బోటు ఇంజనంటే ఏందో అనుకునేరు. ఆయన బాయి ఎండినంక బాయి మీది డీజిల్ ఇంజన్ను పీకి బోటుల బిగిచ్చిండు. బాయి పాయె, చేను పడావు పడె, మిగిలింది గా ఇంజనే. "గిది నా పెద్ద కొడుకు" అనేటోడు. సిన్న కొడుకు లేడు, ఇంజన్ ఒక్కటే.

నాలుగు దినాలు పక్కన కూసోవెట్టుకొని హాండిల్ కొట్టుడు, సుక్కాని పట్టుడు నేర్పిండు. అయిదో దినం పొద్దుగాల అన్నడు:

"మల్లేశ్, ఇయ్యాల నువ్వే నడుపు. ఆవలి ఒడ్డుకు సక్కగ పోయి సక్కగ వస్తే పని నీది. నా ఇంజన్ కు ఏమన్నయిందో, ఇటునించి ఇటే ఇంటికి."

"ఫికర్ చెయ్యకు చిచ్చా. పూల లెక్క తీస్కపోత."

ఆ దినం ఎక్కింది మా దిక్కు సైదమ్మ అవ్వ ఒక్కతే. నాలుగు మేకలు, ఒడిల కాల్చిన మక్కకంకులు. బిడ్డ ఊరికి పోతాంది. చిచ్చా నల్లద్దాలు పెట్టుకొని ముంగట, మాకు ఈపు పెట్టి కూసున్నడు. మా దిక్కు చినుకు లేకున్నా పైన ఎక్కడనో వానలు పడి కృష్ణ కడుపు నిండ ఉంది. నేను రాజు లెక్క సుక్కాని పట్టిన. అవ్వ నాకొక కంకి ఇచ్చింది.

కంకి తినుకుంట పక్కకు సూసిన. బోటు అంచుకు ఒక పైపు. నాలుగు దినాలు చిచ్చా అటు పక్క కూసునుడుతోని నా కంట పడలే. దాంట్లకెల్లి నీళ్లు బదబద కృష్ణల పడుతున్నయ్. నా కండ్లు ఆడనే అతుక్కున్నయ్. అవ్వ గూడ అటే సూస్తాంది.

"గా నీళ్లు గట్ల పోతనే ఉంటయా కొడుకా?"

"అదే సూస్తున్న అవ్వా."

"మా వాడకట్టుకు రెండు దినాలు వచ్చేటియి."

"నువ్వు తిన్న బెండు ఇటియ్యి. నాది సన్నగుంది."

అవ్వ బెండు ఇచ్చింది. నేను రుమాలు కొస చింపి సుట్టి, పైపుల పెట్టి గుద్దిన. దర్జీ కొలత తీసినట్టు సరిపోయింది. నీళ్లు బంద్. నా పానం నిమ్మలమైంది. మీరే చెప్పుండ్రి, గంత సక్కటి పని చేసినోడు ఇంజన్ దిక్కు ఎందుకు సూస్తడు?

కొంచెం దూరం పోంగనే అవ్వ ముక్కు ఎగబీల్సింది.

"గీడ ఎవలన్న ఇస్త్రీ చేస్తున్నరా కొడుకా?"

డుగుడుగు అనే ఇంజన్ గరగర అనబట్టింది. రంగు కాలిన వాసన, తెల్ల పొగ. మేకలు నాలుగూ ఒక్క మూలకు ఉరికినయ్. ఇంజన్ ఒక్కసారి ఎక్కిలి పెట్టి ఆగిపాయె. చిచ్చా తడుముకుంట ఎనుకకు వచ్చిండు.

"క్యా కియా రే?"

"ఏం చెయ్యలే చిచ్చా."

అబద్ధం కాదు. నాకు తెలిసినకాడికి నేను మంచి పనే చేసిన. బకెట్ ముంచి ఇంజన్ మీద పోద్దామని లేపిన. చిచ్చా నా రెక్క పట్టిండు.

"పోస్తే ఇంజన్ హెడ్డు పగుల్తది. కాలిన పెంక మీద నీళ్లు పోస్తరా?"

"మరేం చెయ్యాలె?"

"కూసో. సల్లారనియ్యి."

కూసున్నం. బోటు దాని ఇష్టమున్నట్టు పోతాంది. చిచ్చా ఒంగి బోటు కిందికి చెయ్యి పెట్టి, నీళ్లు గుంజే పైపు జాలి తడిమిండు. నాచు గిట్ల ఏం లేదు.

"నీళ్లు వచ్చే తొవ్వ మంచిగనే ఉంది. మరి ఇంజన్ ఆగకముందే పక్క పైపుకెల్లి పడే సప్పుడు ఎందుకాగింది?"

"గా నీళ్లా? గవి నేనే బంద్ చేసిన" అన్న, ఛాతి ఉబ్బిచ్చుకొని.

చిచ్చా నల్లద్దాలు తీసిండు. కనబడకున్నా నన్ను సూద్దామని తీసిండు.

"ఎందుకు బంద్ చేసినవ్?"

"ఊకె పోతున్నయ్ గద."

"ఎక్కడికి పోతున్నయ్?"

"కృష్ణలకు."

"ఎక్కడికెల్లి వస్తున్నయ్?"

"కృష్ణలకెల్లే."

"మరి నీ అయ్య సొమ్మేం పోతాందిరా?"

అవ్వ అడ్డమొచ్చింది. "వాన్ని తిట్టకు ఖాదరూ. పారే నీళ్లు సూస్తే మాకు చెయ్యి ఆగది. బెండు ఇచ్చింది నేనే."

"నువ్వు గూడనా అవ్వా?"

"నువ్వు చెప్పినవా చిచ్చా?" అన్న నేను. "గా నీళ్లు తిరిగితేనే ఇంజన్ సల్లగుంటదని ఒక్క దినమన్న చెప్పినవా?"

"ఊపిరి పీల్సమని గూడ చెప్పాల్నా నీకు?"

"మా ఊర్ల ఊపిరి పుక్యానికి దొరుకుతది. నీళ్లు దొరకయ్."

చిచ్చా నల్లద్దాలు మల్ల పెట్టుకున్నడు. ఆయనది గూడ ఎండిన బాయే. శానసేపటికి ఇంజన్ మీద చెయ్యి పెట్టి సూసి, "సల్లారింది. చక్రం తిప్పు" అన్నడు. "తిరిగితే బతికినట్టు. తిరగకపోతే లోపల పిస్టన్ పట్టేసినట్టే."

తిప్పిన. కదలలే. చిచ్చా మొఖం సూడలేక మేకల దిక్కు సూసిన. కాళ్లు తన్నిపెట్టి మల్ల తిప్పిన. జర్ర కదిలింది. ఇంకోసారి తిప్పిన. గుర్రున తిరిగింది.

"ఆయిల్ పుల్ల తీసి సూడు. పాల చాయ లెక్కుంటే నీళ్లు కలిసినట్టు."

"నల్లగుంది చిచ్చా."

"అబద్ధమాడుతున్నవా?"

"నా అట్టు పెంక అడుగు లెక్కుంది ఖాదరూ, నేను సూస్తున్న" అన్నది అవ్వ.

చిచ్చా మమ్ముల ఇద్దర్నీ నమ్మలే. పుల్లను వేళ్లతోని రాసి, వాసన సూసి, అప్పుడు తలకాయ ఊపిండు. ఒక రబ్బరు గొట్టం మాత్రం కాలి పగిలింది. సైకిల్ ట్యూబు ముక్క సుట్టి గట్టిగ కట్టిన. ఆఖరికి బెండు పీకిన. మంచిగ ఉడికింది. కింద పెట్టంగనే తెల్ల మేక నమిలి మింగింది. సాక్ష్యం గూడ లేకపాయె.

హాండిల్ కొట్టిన. ఇంజన్ దగ్గింది, లేసింది. పైపుకెల్లి ముందుగాల ఆవిరి, ఎనుక బుడగలు, ఆఖరికి నీళ్లు. చిచ్చా పైపు కింద అరచెయ్యి పెట్టి, పసిపిల్ల ఉచ్చ పోస్తే మురిసిన తాత లెక్క మురిసిండు. ఊకె పోయే నీళ్లు సూసి నేను సంతోషపడ్డది పుట్టినంక గదే మొదటిసారి.

అవ్వను దించి ఇవతలి ఒడ్డుకు వచ్చినం. నేను చెప్పులు చేతుల పట్టుకొని నిలబడ్డ.

"పొమ్మంటవా చిచ్చా?"

"ఎక్కడికి పోతవ్? కొత్తోన్ని తెస్తే వాడు ఇంకేదో మూస్తడు. నువ్వు మూసేది ఏందో నాకు తెల్సు. రేపు పొద్దుగాల రా. కంకులు ఇంట్ల తినిరా."

గా బోటు ఇప్పటికీ నేనే నడుపుతున్న. ఘాట్ కాడ ఇప్పటికీ నన్ను "బెండు మల్లేశ్" అంటరు. అననియ్యి. నవ్వేటోళ్లు మా ఊరికి వచ్చి ఒక్క ఎండకాలం ఉండుండ్రి, అప్పుడు మీ చెయ్యి ఎటు పోతదో నేను గూడ సూస్త.

అయినా కృష్ణమ్మ సాక్షిగ, నాలుగు మేకల సాక్షిగ ఒట్టు పెడుతున్న: నడిచే ఇంజన్ పైపుల ఈ జన్మల బెండు పెట్ట. పెట్టిన్నో, నా నోట్ల పండ్లుండి గూడ మక్కకంకి తినే యోగం లేకుంట పోవాలె. ఊర్ల కారే నల్లాల ముచ్చట మాత్రం ఒట్టుల లేదు. గవి మూస్త. ఎవ్వడు ఆపుతడో రమ్మనుండ్రి.

రాసిన దాంట్ల తప్పులు శాన ఉంటయ్, మన్నిచ్చుండ్రి. గా పైపు నీళ్లసొంటియి అనుకొని పోనియ్యుండ్రి, అడ్డం పెట్టకుండ్రి.