అక్క వాటా కందనకాయ

కోడిలో కందనకాయ ఒక్కటే ఉంటుంది. మా ఇంట్లో మేం ఆడపిల్లలం ఇద్దరం. కోడిని కోసిన రోజు అమ్మ ఆ ఒక్కదాన్ని నా కంచంలోనే వేసేది, చిన్నదాన్నని. అక్క మారుమాట్లాడకుండా మెడముక్క నమిలేది. ఆమెకు కందనకాయంటే ప్రాణమని నాకు తెలుసు. తెలిసి కూడా ఒక్కసారైనా సగం కొరికి ఇవ్వలేదు.

వియత్నాం ప్రయాణానికి ముందు ఆదివారం, నార్సింగిలో ఉన్న అక్కను చూసి వద్దామని వెళ్లాను. అప్పటికి నాలుగు నెలలుగా ఆమె మంచం మీదే ఉంది. వాళ్ల జొన్నచేను ఉన్నచోట ముప్పై అంతస్తుల ఇళ్లు లేచాయి. మధ్యాహ్నం మూడు కాకముందే వాటి నీడ ఆమె మంచం మీదికి వచ్చేస్తుంది.

"ఏమన్న తినబుద్ధి అయితుందా అక్కా?" అని అడిగాను.

"కందనకాయ వండుకరారాదే," అంది. "ఇన్నేండ్లు నువ్వే తింటివి."

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. "ఊరికి పొయ్యి ఐదు రోజులల్ల వస్త. రాంగనే వండుకొస్త," అన్నాను.

"సరే పో. ఇమానంల కిటికీ కాడ కూసో. ఏం కనవడ్డదో వచ్చి చెప్పు."

నేను కొండాపూర్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాను. అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తారు. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకడమే అరుదు. దొరికిందని నన్నూ వెంట తీసుకెళ్లారు. అక్కడ దిగిన రెండో రోజు పొద్దున్నే, అక్క పోయిందని ఫోను వచ్చింది. అల్లుడు విమానాలన్నీ వెతికాడు. ఏది ఎక్కినా మట్టి వేసే వేళకు చేరలేం. "నాకోసం ఆపకుండ్రి, కానియ్యుండ్రి," అని నేనే చెప్పి, హోటల్ గదిలో తలస్నానం చేసి కూర్చున్నాను.

మాలో మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అక్కకు మిగిలిన కోరిక ఏదో నాకొక్కదానికే తెలుసు.

ఆ మూడో రోజు పొద్దున అమ్మాయితో అన్నాను, "నాకు కోడి కందనకాయ కావాలె. ఎట్లన్న చేసి ఇప్పియ్యి."

"ఇక్కడ ఎట్ల దొరుకుతదమ్మా?"

అల్లుడు గోదావరి వైపు మనిషి. "దొరక్కేమండీ అత్తయ్యగారూ, వీళ్లు కోడిలో ఈకలు తప్ప అన్నీ వండుతారు," అన్నాడు.

రెండు వీధుల అవతల చిన్న హోటల్ ఒకటి దొరికింది. పొట్టి ప్లాస్టిక్ పీటలు, బయట చూరుకు వేలాడే పంజరంలో ఒక పిట్ట. హోటలామెకు నా వయసే ఉంటుంది. అమ్మాయి అట్ట మీద రాసిన వంటల పేర్లు చూసి, "అక్షరాలు ఇంగ్లీషువే, ఒక్కటి అర్థం అయితలేదు," అంది. నాకు ఏ అక్షరాలైనా ఒకటే కాబట్టి నేనే లేచాను. మోచేతులు రెక్కల్లా ఆడించి, కొక్కొక్కొ అని, నా కడుపు చూపించాను. ఆమె గబగబా లోపలికి వెళ్లి వేడినీళ్లూ, పచ్చటి నూనె ఉన్న చిన్న సీసా తెచ్చి నా కణతలకు రాసింది. కడుపునొప్పి అనుకుంది పాపం. అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది.

చివరికి ఫోనులో బొమ్మ వెతికి చూపిస్తే ఆమె తలూపింది.

"ఎవరికోసమో చెప్పనా అమ్మా?"

"వద్దు బిడ్డా. ఆమె హోటల్ల సావు ముచ్చట ఎందుకు?"

ఆమె తెచ్చిన పళ్లెం నిండా కందనకాయలే. నా చిన్నతనంలో మా ఇంట్లో కోసిన కోళ్లన్నీ ఒక్క పళ్లెంలోకి వచ్చినట్టుంది. అన్నం కింద వేసిన అరిటాకు ముక్క అడిగి తీసుకుని, బయట గోడ పక్కన పరిచి, ఇంత అన్నం, దాని మీద కందనకాయలు పెట్టి, దండం పెట్టుకుని దూరం జరిగాను. రోడ్డు మీద స్కూటర్లు చీమల బారుల్లా పోతున్నాయి. కాకి జాడే లేదు.

"కాకే కావాలా అండీ? ఏ పిట్టయినా పరవాలేదేమో," అని అల్లుడు పంజరం చూపించాడు. నాలుగు మెతుకులు తీసి పుల్లల మధ్య నుంచి అందించాను. పిట్ట వెనక్కి వెనక్కి జరిగి అవతలి మూలకు పోయింది.

అప్పుడే అక్క కొడుకు ఫోను చేశాడు.

"పిట్ట ముడ్తలేదు చిన్నమ్మా. గంట దాటింది. ఈ టవర్ల నడుమ పావురాలు తప్ప ఏం లేవాయె."

"ఏమేం పెట్టిన్రు?"

"అన్నీ పెట్టినం. కల్లు, గారెలు, బగారన్నం, కోడికూర. అమ్మకు ఏం తక్వ చేసినమో ఏమో."

"కూరల కందనకాయ ఉన్నదా?"

"కోడి ఫోన్ల బుక్ చేసినం. అండ్ల అది రాదు చిన్నమ్మా."

"ఇగ ఆవుకు పెట్టేస్తం," అని వాడు ఫోను పెట్టేశాడు. ఇక అక్కకు మిగిలింది ఈ గోడ పక్కన ఉన్న ఆకు ఒక్కటే.

ఎంతసేపు నిలబడ్డానో. హోటలామె బయటికి వచ్చి ఆకునూ నన్నూ చూసింది. లోపల మూలన ఎర్రరంగు అరలో ఎవరిదో ఫొటో, పళ్లు ఉన్నాయి. అక్కడి నుంచి మూడు అగరొత్తులు తెచ్చి వెలిగించి, ఆకు పక్కన గుచ్చి, వంగి దండం పెట్టింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది. నాకు ఏడుపు వచ్చింది. అగరొత్తులు కాలే దాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. అవి కాలిపోగానే ఆమె ఆకును రెండు చేతులతో ఎత్తి, లోపలికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, నన్ను పీట మీద కూర్చోబెట్టింది.

ఎందుకని అమ్మాయి ఫోనులో వాళ్ల భాషలోకి మార్చి ఆమెను అడిగింది. "పోయినవాళ్లు తినేసిన్రంట అమ్మా. మిగిలింది మనం తినాలంట. తింటేనే మంచిదంట."

మాలో పిట్టకు పెట్టింది మనిషి తినడు. పిట్ట ముట్టకపోతే ఆవుకైనా పెట్టాలి, నీళ్లలోనైనా కలపాలి. అది ఆమెకు ఏ ఫోనుతో చెప్పను? నా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి.

ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాను. మెత్తగా ఉడికింది. అక్క వాటా ఆ రోజు కూడా నేనే తిన్నాను. హోటలామె తృప్తిగా తలూపి, ఇంకొకటి నా ముందుకు జరిపింది.