మిర్యాలగూడ మిల్లుకు నేను రాసిన ప్రోగ్రాం

ఇన్నేళ్లుగా గుండె మీద ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో సూర్యాపేటలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో సీ ప్లస్ ప్లస్ చెప్పేవాణ్ణి. అందులో కష్టమైన టెంప్లేట్లు రాసేవాడు ఊళ్లో నేనొక్కణ్ణేనని పొగరు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు యజమాని ప్రోగ్రాం రాసిమ్మన్నాడు. వచ్చిన ప్రతి ధాన్యం లోడుకూ తేమ శాతం కొలుస్తారు. ఎక్కువుంటే తిప్పి పంపుతారు. ఆ అంకెలు కంప్యూటర్‌లో ఎక్కిస్తే, రైతుల పేర్ల వరుసలో జాబితా రావాలి, అది చూసే ఏ లోడు తీసుకోవాలో, ఏది తిప్పి పంపాలో తేలుస్తారు. టైపు కొట్టే పని సుజాతది. తుంగతుర్తి నుంచి వచ్చి, అక్క ఇంట్లో ఉంటూ పనిచేసే అమ్మాయి. ప్రతి కొలతా ముందు నోట్‌బుక్‌లో రాసుకుని, తర్వాత కొట్టేది.

సాదాగా రాస్తే పూటలో అయ్యే పని. నేను టెంప్లేట్ క్లాసు రాశాను, ఒక్కో రైతు వివరాలు పెట్టుకునే అచ్చులాంటిది. అందులో రైతు పేరు ఉంటుంది. తేమ అంకె మాత్రం వేరేచోట ఉంటుంది, క్లాసులో దానికి రెఫరెన్స్ ఉంటుంది. రెఫరెన్స్ అంటే అదే అంకెకు ఇంకో పేరు. ఒకసారి కట్టాక, విప్పి ఇంకోదానికి కట్టలేం. మరి పేర్లు వరుసలో పెట్టేటప్పుడు ఒక రైతును ఇంకో రైతు స్థానంలోకి మార్చాలి కదా? ప్రోగ్రాంను సరిచూసే కంపైలర్ ఒప్పుకోలేదు. ఈ క్లాసుతో అది కుదరదని ఎర్రర్ ఇచ్చింది. ఆగి ఆలోచించాల్సింది. రెఫరెన్స్ తీసేసి, విప్పి మళ్లీ కట్టగలిగే పాయింటర్ పెడితే సరిపోయేది. నేనేమో ఆ మార్పిడి ఎలా చెయ్యాలో చెప్పే ఆపరేటర్ అనే కోడు సొంతంగా రాసి కంపైలర్ నోరు మూయించాను. దాంతో పేర్లు చోటు మారాయి గానీ, ఒకరి తేమ అంకె మీద ఇంకొకరి అంకె వచ్చి పడింది. నేను పరీక్షించినప్పుడు పేర్లన్నీ ముందే వరుసలో కొట్టాను. మార్పిడే జరగలేదు, తప్పూ కనపడలేదు.

కోతలప్పుడు లోడ్లు ఏ వరుసలో పడితే ఆ వరుసలో వచ్చాయి, అప్పుడు కనపడింది. త్రిపురారం రైతు ఒకాయన ట్రాక్టర్‌ను తేమ ఎక్కువని తిప్పి పంపారు. అదే ధాన్యం ఇంకో మిల్లులో బాగా ఎండిందేనని తేలింది. మర్నాడు ఆయన వచ్చి అందరి ముందూ అరిచాడు. యజమాని నన్ను పిలిపించాడు.

"నేను రెండుసార్లు సూసి కొట్టిన సార్," అంది సుజాత, నోట్‌బుక్ తెరిచి పట్టుకుని. "గీడ పదమూడే ఉన్నది. మిషన్ల ఏమన్న తప్పు వస్తదా?"

ఆ ఎర్రర్ నాకు వెంటనే గుర్తొచ్చింది. గుర్తు రాలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. గుర్తొచ్చింది.

"మిషన్ తప్పు చెయ్యదమ్మా. మనం కొట్టిందే చూపిస్తది," అన్నాను.

నోట్‌బుక్‌లో తర్వాత దిద్దుకుని ఉంటావన్నాడు యజమాని. కంప్యూటర్ చెప్పాక కాగితం మాట ఎవరు వింటారు? ఆ రోజే ఆమెను పనిలోంచి తీసేశారు. వారం తర్వాత పాయింటర్ పెట్టి సరిచేసి, కొత్త వెర్షన్ అని చెప్పి ఇచ్చాను. మెచ్చుకుని చాయ్ తాగించారు. ఎందుకు నోరు విప్పలేదు? భయమా? కొంత భయమే. కానీ నిజం చెప్పాలంటే, నేను గొప్పగా రాశాననుకున్నది తప్పని నలుగురిలో ఒప్పుకోవడం కంటే, ఒకమ్మాయి పని పోవడమే ఆ క్షణంలో నాకు తేలికనిపించింది. రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

రెండేళ్లకు కోదాడ బస్టాండ్ దగ్గర ఒక టైపింగ్ సెంటర్‌లో సుజాత కనిపించింది. లేచి నిలబడి నమస్తే పెట్టింది. "అప్పుడు నా చెయ్యే తప్పినట్టుంది సార్. ఇప్పుడు మూడుసార్లు సూస్తున్న," అంది.

నేను తలూపాను. అవును, తలూపి బస్సెక్కాను.

పని పోగొట్టినదానికంటే ఇదే నన్ను ఎక్కువ తొలుస్తోంది. కళ్లారా చూసి కొట్టిన అంకెను తానే నమ్మకుండా చేశాను. ఆమె ఇప్పుడెక్కడుందో తెలియదు. మీరు నన్ను క్షమించాలనీ లేదు, అది మీ చేతిలో ఉన్నది కాదు. ఆ రోజు సుజాత సరిగ్గానే కొట్టింది. ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక కొంచెం ఊపిరాడుతోంది.