కాలు పట్టిన అమ్మాయి తెచ్చిన పుస్తకం

పన్నెండేళ్ల కిందట సూర్యాపేటలో జరిగిన కాలేజీల కబడ్డీ పోటీల్లో నా కుడి మోకాలు దెబ్బతింది. అప్పుడు నేను మిర్యాలగూడలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా జట్టులో కూతకు వెళ్లేది ఎక్కువగా నేనే. కోదాడ అమ్మాయిలతో సెమీఫైనల్. ఆట ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా కూతకు వెళ్లి ఒకమ్మాయిని ముట్టి వెనక్కి తిరిగాను. మూలన ఉన్న ఇంకో అమ్మాయి వంగి నా కాలు పట్టేసింది. అది నియమం ప్రకారం పట్టిన పట్టే. నేను ఒళ్లంతా మధ్య గీత వైపు విసిరాను. కాలు మాత్రం ఆమె చేతుల్లోనే ఉండిపోయింది. మోకాలి లోపల ఏదో తెగడం నాకు తెలిసింది.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. ఏడాది దాకా ఆట ఊసెత్తొద్దన్నారు డాక్టరు. నిడమనూరు దగ్గర మా ఊళ్లో, ముందరి గదిలో మంచం వేశారు. నాన్న గొర్ల వెంట పోయేవాడు, అమ్మ నాట్లకు పోయేది. నేను మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, డాక్టరు చెప్పినట్టు దాన్ని అదుముతూ, ఆ కోదాడ అమ్మాయిని తిట్టుకుంటూ పడుకునేదాన్ని.

మూడో వారంలో ఆమే వచ్చింది. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, ఆ తర్వాత ఆటో. ఆ వేళ నాన్న ఇంట్లోనే ఉన్నాడు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"కోదాడ, బాబాయ్. మీ అమ్మాయిని చూద్దామని వచ్చానండీ."

"గింత దూరం ఒక్కదానివే వచ్చినవా? కూసో. బువ్వ తిని పోదువు."

నేను మంచం మీదినుంచే అన్నాను, "నాయినా, నా కాలు గిట్ల చేసింది ఈమెనే."

నాన్న ఆమె వంక చూశాడు. ఆమె తల వంచుకుంది. నాన్న నా వైపు తిరిగాడు. "ఆటలనే అయింది గద బిడ్డా. కావాలని చేసినదైతే మనింటికెందుకొస్తది?" అని లోపలికి పోయి కంచం కడగడం మొదలుపెట్టాడు.

ఆమె అన్నం తింది. నేను గోడ వైపు మొహం తిప్పుకున్నాను. వెళ్లేటప్పుడు సంచిలోంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తీసి కిటికీలో పెట్టింది. "మా అమ్మ పంపింది. ఇంగ్లీషు టీచరు. పరుగు పందేల ఆమె కథంట. నాకోసమని పక్కన తెలుగు అర్థాలు కూడా రాసింది. నేనైతే ఒక్క పేజీ చదవలేదు," అంది. ఆ నిజాయితీకి నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను.

పుస్తకం పది రోజులు అక్కడే ఉంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఫోన్‌లో చార్జింగ్ కూడా అయిపోతే, చేయి చాపి అందుకున్నాను. మధ్యలో ఎక్కడో తెరిచాను. ఆ పరుగుల ఆమె పాదం ఎముక విరిగి ఆసుపత్రిలో పడుకుని ఉంది. తన బదులు పరుగెత్తబోయే తోటి అమ్మాయి పళ్లు తీసుకుని చూడటానికి వస్తే, ఆ పళ్లను మంచం కింద దాచి కుళ్లబెట్టిందట. అలా చేసినందుకు సిగ్గుపడ్డానని రాసింది. సిగ్గుపడ్డాక కూడా ఆ అమ్మాయి మీద కోపం పోలేదని కూడా రాసింది. పేజీ పక్కన టీచరమ్మ పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాలతో, ఒక మాటకు 'అసూయ' అని, ఇంకో మాటకు 'ఊతకర్ర' అని అర్థాలు రాసి పెట్టారు.

నా లోపల ఉన్నదే అచ్చులో కనిపించేసరికి భయమేసింది, తర్వాత ఒళ్లు తేలికైంది. ఎక్కడో పుట్టిన ఒక మనిషి, అంత పేరొచ్చిన మనిషి, తన చిన్నబుద్ధిని దాచుకోకుండా చెప్పుకుంటే, మా ఊళ్లో మంచం మీద ఉన్న నాకు అది ఆసరా అయింది. పుస్తకం మొదటి పేజీకి వెళ్లి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నెలరోజుల్లో పూర్తిచేశాను. నాకొచ్చిన ఇంగ్లీషులో సగం అట్లా వచ్చిందే.

పూర్తయిన రోజు కాలేజీ స్నేహితురాళ్లను అడిగి ఆమె నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. "పుస్తకం అయిపోయింది. ఇంకోటి ఉన్నదా?" అన్నాను. అవతలినుంచి ఏడుపు వినిపించింది.

"నేను ఆడట్లేదు," అంది. "ప్రాక్టీసుకు పోతున్నా గానీ, కాలు పట్టుకుందామంటే చేతులు రావట్లేదు. ఎవరి కాలు ముట్టుకున్నా నీదే గుర్తొస్తుంది. కోచ్ గారు తిడుతున్నారు."

నేను మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆమె హాయిగా ఆడుకుంటోందనే అనుకున్నాను. ఆమెకూ దెబ్బ తగిలి ఉంటుందన్న ఆలోచన ఆ రోజు దాకా రాలేదు.

వాళ్లమ్మ పంపిన రెండో పుస్తకం ఒక బాక్సర్ రాసుకున్నది. ఈసారి టీచరమ్మ అర్థాలు రాయలేదు. 'నిఘంటువు చూసుకో తల్లీ' అని మొదటి పేజీలో చిన్న చీటీ పెట్టారు. అందులో బాక్సర్ దెబ్బకు అవతలివాడి కంటిచూపు తగ్గుతుంది. ఇతను వాళ్లింటికి వెళ్తాడు. ఏం మాట్లాడాలో తెలియక వాళ్ల అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుంటాడు. ఆ తర్వాత రెండేళ్లు గెలవగలిగిన పోటీలన్నీ ఓడిపోతాడు. చివరికి చూపు తగ్గినవాడే వచ్చి, నువ్వు సరిగా కొట్టకపోతే నాకు తగిలిన దెబ్బకు విలువేముంది అని అడుగుతాడు. ఆ అధ్యాయం మొత్తం ఫోన్‌లో ఆమెకు తెలుగులో చెప్పాను. చూపు తగ్గినవాడు అడిగిన మాట ఇంకోసారి చెప్పించుకుంది.

పదో నెలలో డాక్టరు నెమ్మదిగా పరుగెత్తొచ్చన్నారు. ఆమెను మిర్యాలగూడ రమ్మన్నాను. కాలేజీ గ్రౌండ్‌లో లాంగ్‌జంప్ ఇసుక గుంత ఉండేది. అందులో దిగి నిలబడ్డాను.

"ఎడమ కాలు పట్టు," అన్నాను.

"పిచ్చా నీకు? వద్దు."

"కుడిది ముట్టకు. ఎడమది మంచిగనే ఉంది. పట్టు."

"మళ్లీ ఏమన్నా అయితే మీ నాన్నకు ఏం చెప్పను?"

"నాయినకు చెప్పే వచ్చిన. జర గట్టిగ పట్టు, ముచ్చట్లు పెట్టకు."

మొదటిసారి వేళ్లతో ముట్టి వదిలేసింది. రెండోసారీ అంతే. నాకు విసుగొచ్చి, కూత పెడుతూ ఆమె భుజం తట్టి వెనక్కి తిరిగాను. ఈసారి చీలమండ దగ్గర రెండు చేతులూ బిగిశాయి. ఇసుకలో బోర్లా పడ్డాను. లేచి చూస్తే ఆమె మొహం తెల్లబోయి ఉంది. నాకు ఏమీ కాలేదు. నోట్లో ఇసుక ఉమ్మేసి, "గిదీ పట్టంటే," అన్నాను. సాయంత్రం బస్సు వేళ దాకా ఆడుతూనే ఉన్నాం.

ఆమె ఆ తర్వాత రాష్ట్ర జట్టు దాకా వెళ్లింది. క్రీడల కోటాలో పోలీసు ఉద్యోగం వచ్చింది. నా మోకాలు మళ్లీ కూతలకు ఒప్పుకోలేదు. ఇక ఆడలేనని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. తర్వాత వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, ఇప్పుడు హుజూర్‌నగర్ దగ్గర ఒక హైస్కూల్లో పనిచేస్తున్నాను. బంతులూ నెట్లూ పెట్టే గదిలో ఒక అర నిండా ఆటగాళ్ల పుస్తకాలున్నాయి. కొన్ని టీచరమ్మ ఇచ్చినవి, కొన్ని నేను కొన్నవి.

ఏవి చదవాలని పిల్లలు అడుగుతుంటారు. పతకాల జాబితాలాంటి పుస్తకాలు నాకెప్పుడూ పనికిరాలేదు. పుస్తకం చేతికి రాగానే, ఓడిపోయిన రోజు ఆ మనిషి ఇంటికెట్లా చేరాడో రాశాడా అని వెతుకుతాను. ఏ బస్సెక్కాడు, తలుపు తీసినవాళ్లతో ఏమన్నాడు, అన్నం తిన్నాడా లేదా. అది రాసినవాడిని నమ్ముతాను. గెలుపు గురించి అతను ఎంత చెప్పినా వింటాను.

టీచరమ్మ రిటైరై కోదాడలోనే ఉంటున్నారు. ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చాక నేను వెళ్తే, టీ పెట్టి, కొత్తగా ఏం చదివావని అడుగుతారు. పోయినసారి వెళ్లినప్పుడు నేనే అన్నాను, "మీరు లేకపోతే నేను ఏమైపోయేదాన్నో టీచర్." ఆమె ఆ మాటను పట్టించుకోనట్టే కప్పు నా ముందుకు జరిపి, చల్లారిపోతుంది తాగమన్నారు. కళ్లద్దాలు మాత్రం తీసి తుడుచుకున్నారు.

ఈ మధ్య, నా కాలు పట్టిన ఆ స్నేహితురాలు ఒక లాంగ్ నోట్‌బుక్ పట్టుకొచ్చింది. తన కథ తానే రాస్తోందట. "మన ఆడపిల్లలు ఆడిన ఆట తెలుగులో ఎవరు రాశారు చెప్పు?" అంది. నలభై పేజీలు అయ్యాయి. కోదాడలో లారీలు నిలిపే జాగాలో గీతలు గీసి ఆడిన రోజులు, డ్యూటీ అయ్యాక యూనిఫాం మార్చుకుని ప్రాక్టీసుకు పరుగెత్తిన రోజులు. చదువుతూ రెండుచోట్ల గట్టిగా నవ్వాను.

"మంచిగుంది," అన్నాను. "గానీ జాతీయ పోటీల్ల ఓడిపోయిన ముచ్చట ఒక్క లైన్ల తేల్చేసినవ్. గది మళ్ల రాయి."

"అది రాయాలంటే కష్టంగా ఉంది."

"గందుకే రాయమంటున్న."

నోట్‌బుక్ లాక్కుని, గొణుక్కుంటూ, కొత్త పేజీ తిప్పింది. నేను లేచి ఇద్దరికీ అన్నం వడ్డించాను.