సేటుకు చప్పిడి వంట

మా మేనత్త పోయింది. ఆ కబురు నాకు కోదాడలో ఆఫీసుకు బయల్దేరుతుండగా అందింది. మిర్యాలగూడలో అత్త ఎదురింటామె ఫోన్ చేసి, "దవాఖానల ఉన్నట్టుండి పానం పోయింది బిడ్డా, ఇగ మీ అత్తమ్మ లేదు" అని బావురుమంది. అత్త గుండె బాగాలేదని మా అందరికీ తెలుసు. తెలిసి ఉంటే మాత్రం ఏం లాభం. హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సెక్కి కూర్చున్నాక ఆమే మళ్లీ చేసింది. "సేటు నిన్న మీ అత్తమ్మను దవాఖానకు కొంచవోయిన కాడ్నించి ఏం ముడ్తలేడు. పిలిస్తె గూడ మంచం కింద్నించి వస్తలేడు. జల్ది రా."

ఆమె గొంతు బస్సంతా వినిపించేంత పెద్దది. పక్క సీట్లో ఉన్న పెద్దాయన కోదాడ వైపు మనిషి, నా వంక జాలిగా చూసి, "మీ మావయ్యగారా అమ్మా? తోడు పోతే అంతేనమ్మా, ముద్ద దిగదు. దగ్గరుండి తినిపించండి" అన్నాడు. సేటు అంటే పిల్లి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తలూపి కిటికీలోంచి చూస్తూ ఏడ్చాను, మధ్యలో నవ్వు కూడా వచ్చింది. అత్త వింటే పొట్ట పట్టుకుని నవ్వేది.

పెళ్లయిన కొన్నేళ్లకే మామ చనిపోతే, పిల్లలు లేని అత్త ఓ రైస్ మిల్లు ఆఫీసులో చేరింది. తల నెరిసేదాకా అక్కడే కాంటా చీటీలు రాసింది. ఎలుకల కోసం ఆ మిల్లులో ఉంచిన పిల్లే సేటు. బియ్యం బస్తాల మీద పడుకుని, లేచాక హమాలీల మధ్య నుంచి అజమాయిషీ చేస్తున్నట్టు నడిచేవాడట. మిల్లు యజమాని అయిన అసలు సేటు కన్నా వీడికే డాబు ఎక్కువని హమాలీలే ఆ పేరు పెట్టారు. వయసు మీద పడి, పండ్లు ఊడి, ఎలుక ముందు నుంచి పోయినా చూస్తూ కూర్చునే రోజు వచ్చాక మిల్లువాళ్లు కొత్త పిల్లిని తెచ్చుకున్నారు. అత్త ఉద్యోగం మానేసింది కూడా ఆ ఏడే. వచ్చేటప్పుడు శాలువా కప్పి ఓ బుట్టెడు పళ్లిచ్చారు. అత్త పళ్లన్నీ హమాలీలకు పంచేసి, ఖాళీ బుట్టలో సేటును కూర్చోబెట్టుకుని రిక్షాలో ఇంటికొచ్చింది.

"ఇద్దరం ఒక్కసారే రిటైరైనం కోడలా. నాకు శాలువన్న కప్పిన్రు, వీనికి అది గూడ లేదు" అని నవ్వింది. వాడి మీద ఆ శాలువా కప్పే చెప్పింది ఆ మాట.

మొదట్లో అత్త కూడా అందరిలాగే పాలన్నం పెట్టింది. పిల్లి అంటే పాలు, మనకు అంతే తెలుసు. పాలు తాగిన సేటు వారం తిరక్కుండానే నీళ్ల విరేచనాలతో నీరసపడిపోయాడు. అత్త వాడిని అదే బుట్టలో పెట్టుకుని పశువుల దవాఖానకు పోయింది. సెలవుకని వచ్చిన నేనూ వెంట ఉన్నాను. అక్కడ వేములపల్లి నుంచి గొర్రెను తెచ్చిన ఒకాయన బుట్టలోకి తొంగి చూశాడు.

"పిల్లికి గూడ దవాఖాననా అమ్మా? మా దిక్కు పిల్లులు వాటంతటవే బతుకుతయి."

"మీ గొర్రెకు మాత్రం కడుపు ఉంటది, మా పిల్లికి ఉండదానె?" అంది అత్త. ఆయన నవ్వి, బల్ల మీద మాకు చోటిచ్చాడు.

డాక్టరు కుర్రాడు, ఓపిక ఉన్నవాడు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవని, ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వొద్దని చెప్పాడు. ముసలి పిల్లుల కోసం అమ్మే మేత మంచిదేనని, దానికి తోడుగా మెత్తగా ఉడికించిన చికెనో గుడ్డో కొంచెం కలపొచ్చని, వట్టి ఇంటి వంటతోనే సరిపెట్టొద్దని అన్నాడు. అత్త ఊరుకుంటేగా! కుక్కల మేత పెట్టొచ్చా, పచ్చి చేప పెట్టొచ్చా, కార్జం ఎంత పెట్టొచ్చు అని వరసగా అడిగింది. మొదటి రెండూ వద్దన్నాడు, కార్జం ఎప్పుడన్నా ఓ ముక్క చాలన్నాడు. లేవబోతుంటే ఆయనే ఆపి ఇంకో మాట చెప్పాడు. ముసలి పిల్లి ఒక రోజంతా తినకుండా ఉంటే అలిగింది కాబోలని ఊరుకోవద్దు, ప్రాణానికే ముప్పు అని. ఆ మాటకు అత్త బుట్ట మీద చెయ్యేసి పట్టుకోవడం నాకింకా గుర్తుంది.

మేత కొనే పని నా మీద పడింది. మిర్యాలగూడలో దొరికింది ఆమెకు నచ్చలేదు. కోదాడలో చేపల తొట్లు, కుక్కల గొలుసులు అమ్మే షాపులో నిలబడి ఫోన్ చేస్తే, అత్త అటు నుంచి విచారణ మొదలుపెట్టేది.

"ముంగట ఏమున్నది?"

"తెల్ల పిల్లి బొమ్మ, మెళ్లో రిబ్బను."

"ఆ బొమ్మ మన కోసం. పిల్లి కోసం రాసింది ఎనక ఉంటది. తిప్పి సదువు. మొట్టమొదాలు ఏం పేరున్నది?"

"మొక్కజొన్న."

"మొక్కజొన్న కోళ్లకు ఎయ్యమను. మాంసమో చేపో మొదాలు రాసింది సూడు. ముసలి పిల్లులకని ఉండాలె. రోజు పెట్టే పూర్తి తిండి అని ఉండాలె, తాయిలం తెచ్చేవ్ మల్ల. తారీఖు సూసినవా?"

షాపాయన ఇదంతా విని, "మీ అత్తగారు డాక్టరాండీ?" అన్నాడు. రైస్ మిల్లులో చేశారండీ అంటే, ఆయనకేం అర్థమైందో, లోపలికి పోయి కొత్తగా వచ్చిన సరుకు తెచ్చి ముందు పెట్టాడు. పెద్ద సంచీ కొంటే కలిసొస్తుందండీ అని మాత్రం అనకుండా ఉండలేకపోయాడు. అత్త ఫోన్లోంచే అందుకుంది. "పెద్దది తెచ్చినంక వాడు మూతి తిప్పుకుంటే ఎవరు తినాలె, నువ్వా నేనా? సగంల వాసన వోతది. అగ్గువంటే తక్కువకొచ్చేది కాదు కోడలా, పారేసే పని లేకుంట అయిపోయేది."

అగ్గువ అనే మాటకు అంత మంచి అర్థం నేను ఇంకెక్కడా వినలేదు. అత్తకున్నది ముందు గది కిరాయి, మిల్లులో దాచుకున్న కాస్త. ఆ కాస్తలోనే వాడికి లోటు రానివ్వలేదు, తానూ ఒకరి ముందు చెయ్యి చాపలేదు. చీరల షాపులో ఉన్న చీరలన్నీ విప్పించి ఒకటీ కొనకుండా వచ్చే మేనకోడలిని నేను. నాకు అత్త చేసేదంతా వింతగానూ గొప్పగానూ ఉండేది.

మేత తెచ్చాక గుప్పెడు అరచేతిలో పోసుకుని, వడ్లు చూసినట్టే చూసేది. ఒక గింజ విరిచి వాసన పట్టేది. పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చేది. పండ్లు లేనివాడికి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, లోతు లేని పళ్లెంలో, పూటకు ఇంతని కాకుండా కొంచెం కొంచెం చాలాసార్లు పెట్టేది. నెలనెలా వాడిని బుట్టలో పెట్టుకుని మిల్లుకు పోయి కాంటా మీద తూకం వేయించేది. హమాలీలు పని ఆపి చుట్టూ చేరేవాళ్లు. "ఏందమ్మా, సేటు తరుగు పోయిండా?" అని ఒకడంటే, "నీ లెక్క బువ్వ తిని పంటలేడు, ఒంటికి పట్టింది" అని అత్త తిప్పికొట్టేది. తూకం తగ్గిన నెల మాత్రం అక్కడి నుంచి నేరుగా డాక్టరు దగ్గరికే పోయేది.

ఈ చప్పిడి తిండి సంగతి ఎదురింటామెకు మింగుడు పడేది కాదు. మనింట్లో చప్పిడి తిండి జ్వరమొచ్చినవాళ్లకు గాని పెట్టం. "నోరు లేని జీవి, ఉప్పు లేని కూడు పెడ్తె పాపం తాకుతది" అని ఆమె ఓరోజు అత్త చూడకుండా తన కోడికూర పులుసు కలిపి పెట్టింది. సేటు రెండు రోజులు వాంతులు చేసుకున్నాడు. ఆమె వచ్చి భయపడుతూ చెప్పేసింది. అత్త కోప్పడుతుందనుకున్నాను. "నువ్వు పేమతోనె పెట్టినవ్, వానికే ఆ పేమ అరగలే" అంది, అంతే. ఆ తర్వాత అత్త ఊళ్లో లేనప్పుడు సేటు పళ్లెం చూసింది ఎదురింటామే.

మా నాయన సంగతి వేరు. నాయన అత్తకు తమ్ముడు, సూర్యాపేటలో ఉంటాడు, ఆచారం విషయంలో నిప్పు. అత్తా తక్కువది కాదు. కార్తీకం వస్తే తెల్లవారకముందే తలస్నానం, దీపం, నెలంతా ఇంట్లోకి గుడ్డు కూడా రానిచ్చేది కాదు. కానీ పోయిన కార్తీకంలో సేటు మేత ముట్టడం మానేశాడు. ఉడికిన చికెన్ వాసన వస్తేనే మూతి కదుపుతున్నాడు. అత్త ఆలోచించింది ఒక్క పూట. మరునాడు దీపం పెట్టుకుని, పెరట్లో మూడిటుకల పొయ్యి రాజేసి, విడిగా పెట్టుకున్న గిన్నెలో వాడి వంట చేసింది. మళ్లీ తలస్నానం చేసి ఇంట్లోకొచ్చింది. ఆ చలిలో రోజూ రెండు స్నానాలు.

నాయనా నేనూ వెళ్లిన రోజు ఆ పొయ్యి మండుతూ ఉంది. నాయన మొహం ఎర్రబడింది.

"కార్తీకంల నీసా అక్కా? అయ్య ఉంటే ఏమనేటోడు?"

"కార్తీకం నాదిరా తమ్మీ. వాడెన్నడన్న దీపం ముట్టిచ్చిండా, ఉపాసం ఉంటనని మొక్కిండా? నా మొక్కు కోసం వాని కడుపు మాడ్చుమంటవా?"

"పిల్లి కోసం పుణ్యం వోగొట్టుకుంటవా?"

"పోతె పోనియ్. గంత సులువుగ పోయే పుణ్యమైతే ఉండి ఏం జేస్తది?"

నాయన చాయ్ కూడా తాగకుండా చెప్పులేసుకున్నాడు. ఆ తర్వాత ఫోన్లో మాట్లాడుకున్నారు గాని, ఆ పిల్లి మాట మాత్రం నాయన ఎత్తలేదు. అత్తకు అదో బాధ. గుండె జబ్బని తేలాక ఒకసారి నాతో, "నాకేం భయం లేదు కోడలా. నా ఎనక వీడు తినకుంట కూసుంటడేమో, గదే పరేషాన్" అంది. నేను తీసుకుపోతానులే అన్నాను. "తీస్కపోతవ్. వాడు నీ చేతిది తినాలె గద" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం.

అదే జరిగింది. నేను వెళ్లేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. సేటు ఆమె మంచం కింద, గోడ వైపు తిరిగి ముడుచుకుని ఉన్నాడు. సూర్యాపేట నుంచి వచ్చిన నాయనే కర్మ పట్టాడు. అంత్యక్రియలు అయి, స్నానాలు చేసి తిరిగొచ్చేసరికి సాయంత్రం అవుతోంది. అప్పటికీ వాడు ఏమీ ముట్టలేదు. నానిన మేత పెట్టాను, ఎదురింటామె గుడ్డు ఉడికించి తెచ్చింది. తల తిప్పుకున్నాడు. డాక్టరుకు ఫోన్ చేస్తే, "ఆలస్యమైంది, ఏదో ఒకటి కొంచెమైనా తినిపించండి, తినకపోతే వెంటనే తీసుకురండి" అన్నాడు.

వాడు తినేది ఏమిటో నాకు తెలుసు. చికెన్ ఉడికిస్తానని నెమ్మదిగా అన్నాను. వాడకట్టు పెద్దావిడ ఒకామె చెంపలేసుకుంది. "సావైన ఇంట్ల పొయ్యి ముట్టియ్యొద్దు బిడ్డా. నీసు మాట అసలే ఎత్తకు. మీ నాయన కర్మ పట్టిండు." నేను నాయన వైపు చూశాను. తడి పంచెతో గడప దగ్గర కూర్చున్నాడు. పొద్దున్నుంచీ కంట నీరు పెట్టలేదు. నా మాట విని ఇప్పుడు లేచి అరుస్తాడనుకున్నాను. లేచాడు. చెప్పుల్లేని కాళ్లతోనే బయటికి పోయాడు.

తిరిగొచ్చినప్పుడు చేతిలో నల్ల కవరు ఉంది. అందులో ఏముందో అందరికీ తెలిసిపోయింది. నాయన నన్ను చూసి, "అక్క ఇటుకలు యాడ పెడ్తది?" అన్నాడు.

పెద్దావిడ తేరుకుని, "కర్మ పట్టినోనివి, నువ్వు ముట్టుడేంది అయ్యా?" అంది.

"మల్ల తానం జేస్త" అన్నాడు నాయన.

పొయ్యి తనే పేర్చాడు. పుల్లలు తనే ఎగదోశాడు. పొగకో మరి దేనికో కళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, "ఉప్పెయ్యాల్నా?" అని అడిగాడు. వద్దు నాయనా అన్నాను. ఉడికాక ఎముకల నుంచి కండ తీసి, పోగులు పోగులుగా చీల్చి, ఊదుకుంటూ చల్లార్చి, నేను పళ్లెం అందిస్తే వద్దని అరచేతిలోనే పెట్టుకుని, అత్త మంచం ముందు నేల మీద కూర్చున్నాడు.

"రా సేటూ" అన్నాడు. నాయన వాడిని పేరు పెట్టి పిలవడం నేను వినడం అదే మొదటిసారి.

చాలాసేపటికి చీకట్లోంచి ముందు మీసాలు, తర్వాత మూతి బయటికొచ్చాయి. వాడు వాసన చూశాడు, ఒక పోగు అందుకున్నాడు, ఇంకోటి అందుకున్నాడు. వాకిట్లో ఎదురింటామె కొంగు నోట్లో కుక్కుకుంది. చేతిలో అంతా అయిపోయాక కూడా సేటు ఆ అరచేతిని నాకుతూనే ఉన్నాడు. నాయన భుజాలు కదిలిపోతున్నాయి, చెయ్యి మాత్రం కదలనివ్వలేదు.