కేక వినిపించని నలభై మూడోది

“మీరు పోతే ఈ సర్వరు సంగతి ఎవరికి తెలుసమ్మా?” అని ఆస్పత్రి అకౌంట్సు ఆఫీసరు ఒకసారి అక్కడి కంప్యూటర్లు చూసే ఆవిడని ముఖం మీదే అడిగేశాడు. ఆవిడ నొచ్చుకోలేదు. నిజమే కదా అనుకుని, సాయంత్రం ఇంటికి పోతూ లావుపాటి నోటుబుక్కు ఒకటి కొనుక్కుంది. మొదటి పేజీలో “నేను పోతే” అని రాసి కింద గీత కొట్టింది.

ఆస్పత్రిలో ఆవిడని లిస్టమ్మ అంటారు. ఏ పనికైనా ముందు లిస్టు రాస్తుంది మరి. కూరల లిస్టుకి కూడా నంబర్లు వేస్తుందని, మూడోది దొరక్కుండా నాలుగోదాని జోలికి పోవాలంటే తనకి భయమని భర్త అందరితో చెప్పి నవ్విస్తుంటాడు.

బ్లడ్ బ్యాంకు సర్వరుకి పదిహేనేళ్ళు. అందులోని ఆపరేటింగ్ సిస్టమ్‌కి తయారుచేసినవాళ్ళే మరమ్మతులు మానేసి మూడేళ్ళయింది. అంటే తలుపుకి తాళమైతే ఉంది, దాన్ని తీసే కిటుకు మాత్రం దొంగలందరికీ తెలిసిపోయింది. మొత్తం కొత్త సిస్టమ్‌లోకి మార్చాలి. నెలాఖరు ఆదివారం కానిచ్చేయమన్నాడు ఆఫీసరు. మార్చడం ఒక పూట పని. ఏమేం మార్చాలో తెలుసుకోవడానికే నెలలు పడతాయి. ఎవరెవరో ఏవేవో ప్రోగ్రాములు పెట్టి, బదిలీలై, రిటైరై వెళ్ళిపోయారు. లిస్టమ్మ గదిగదికీ తిరిగి నలభై రెండింటికి సొంతదారులని పట్టుకుంది. నలభై మూడోది రోజూ పొద్దున ఏడింటికి లేచి, రెండు నిమిషాలు పనిచేసి పడుకుంటుంది. అది తనదని ఎవరూ అనలేదు.

ఇలాంటివాటికి ఆ వృత్తిలో ఒక మోటు పద్ధతి ఉంది. ఆపి చూడటమే. ఎవరిదైతే వాళ్ళే కేకలేసుకుంటూ వస్తారు. లిస్టమ్మ ఆపింది. రెండు వారాలు చూసింది. ఎవరూ కిక్కురుమనలేదు. నలభై మూడు ఎదురుగా “అక్కర్లేదు” అని రాసింది.

మర్నాడు ప్రింటరు చూడటానికి బ్లడ్ బ్యాంకుకి వెళితే, బెంచీ మీద ఒక టైలరు కూర్చుని ఉన్నాడు. మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయాడు. ఒళ్ళో తలపెట్టుకుని పడుకున్న తొమ్మిదేళ్ళ కూతురికి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అది దొరకని గ్రూపు. ఎప్పుడూ ఇచ్చేవాళ్ళు ఈసారి రాలేదని, నిన్నటి నుంచీ కూర్చునే ఉన్నారని టెక్నీషియను గొంతు తగ్గించి చెప్పింది.

“ఎవరినీ అడగలేదా అన్నా?” అంది లిస్టమ్మ.

“ఏమని అడగనమ్మా? ఇన్నేళ్ళూ నేను పిలవకుండానే వచ్చారు. పాపం, విసుగొచ్చుంటుంది. ఊరికే ఇచ్చేవాళ్ళని రాలేదేమని ఎలా నిలదీస్తాం?”

ఎవరూ పిలవకుండా సరిగ్గా మూడు వారాలకి మనుషులు ఎలా వస్తారు? లిస్టమ్మ పైకి వెళ్ళి, ఆపిన ప్రోగ్రామును మొదటిసారి అక్షరం అక్షరం చదివింది. ఎవరికి రక్తం కావలసిన రోజు దగ్గరపడిందో చూసి, ఆ గ్రూపు దాతలకి అది మెసేజి పంపుతోంది. సర్వరు వెనక వైరుకి వేలాడుతున్న అగ్గిపెట్టెంత డబ్బాలో సిమ్ము ఉంది. పనికిరాని సామానని దాన్ని ఆవిడ మొన్న పారేయబోయింది.

అప్పటికప్పుడే ప్రోగ్రామును నడిపించింది. మధ్యాహ్నానికి ఒక బస్సు డ్రైవరు యూనిఫాంతోనే వచ్చి, “మెసేజి ఆలస్యమైందేమండీ ఈసారి?” అంటూ చొక్కా చెయ్యి మడిచాడు. పరీక్షలన్నీ అయ్యి మర్నాడు పొద్దున పిల్లకి రక్తం ఎక్కింది.

లిస్టమ్మ మంచం పక్కన నిలబడి టైలరుతో, “తప్పు వాళ్ళది కాదన్నా. వాళ్ళకి వెళ్ళే మెసేజి ఆపింది నేను” అంది. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననీ అనుకుంది.

అతను కూతురి అరచేతిని నిమిరాడు. “అయితే వాళ్ళకి మామీద విసుగు రాలేదన్నమాట” అన్నాడు. అతనికి కావలసింది అంతే.

ఆదివారం కుదరదని, నలభై మూడోదాన్ని కూడా మార్చడానికి మూడు వారాలు కావాలని లిస్టమ్మ వెళ్ళి చెబితే, ఒక్క పిల్ల కోసమా అన్నాడు ఆఫీసరు.

“ఇలా రక్తం ఎక్కించుకునేవాళ్ళు ముప్పై ఒక్కమంది ఉన్నారండీ. మిగతావాళ్ళది దొరికే గ్రూపు కాబట్టి ఉన్న స్టాకుతో గట్టెక్కారు. స్టాకు అయిపోయాక ఎవరికి ఫోన్ చేద్దాం, మీరే చెప్పండి.”

ఆఫీసరు తేదీ కొట్టేసి కొత్తది వేశాడు.

ఆ సిమ్ము ఆస్పత్రి లెక్కల్లో ఎక్కడా లేదు. విచారిస్తే అది ఆవిడకి పని నేర్పి రిటైరైన మాస్టారు పేర తేలింది. ఫోన్ చేసింది. ఆ ప్రోగ్రాము రాసింది ఆయనేనట. ఆస్పత్రి పేర సిమ్ము కొనడానికి అప్పట్లో అనుమతికి ఫైలు పెట్టాడట. అది కదిలేదాకా తనే రీఛార్జి చేద్దామనుకున్నాడట. ఫైలు కదల్లేదు, ఆయన మానలేదు. దీన్ని త్యాగమని శాలువా కప్పేవాళ్ళు కప్పవచ్చు. లిస్టమ్మకి మాత్రం ఒళ్ళు మండింది. “ఒక్క ముక్క రాసిపెట్టి వెళితే మీ సొమ్మేం పోయేది మాస్టారూ?” అంది. అంటూనే కళ్ళు తుడుచుకుంది. పిల్ల ఎలా ఉందని అడిగాడాయన.

కొత్త సర్వరులో నలభై మూడోది రోజూ ఏడింటికే లేస్తోంది. కొత్త సిమ్ము ఆస్పత్రి పేరనే ఉంది. పదకొండేళ్ళ పాత రీఛార్జిల డబ్బు మాస్టారికి ఆస్పత్రి ఇంకా బాకీనే.